నోరు మూయించే చట్టాలు: పాలమూరు నుంచి ఒక మాట

(అంతర్జాతీయ వలసదారుల దినం సందర్భంగా మహబూబ్‌నగర్‌లో జరిగిన సభలో, కార్మికుల కేసులు చూసే ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కుర్చీలు సరిపోలేదని నిర్వాహకులు ఇబ్బంది పడుతున్నారు. వలస మీద మీటింగు పెడితే పాలమూరులో కుర్చీలు ఎప్పుడు సరిపోయాయి?

1990 డిసెంబర్ 18న ఐక్యరాజ్యసమితి వలస కార్మికుల హక్కుల మీద, వాళ్ల కుటుంబాల హక్కుల మీద ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. అందుకే ఈ తేదీన ఈ దినం జరుపుతారు. ఆ ఒప్పందంలో అమెరికా చేరలేదు. గల్ఫ్ దేశాలు చేరలేదు. మన దేశమూ చేరలేదు. మనుషులను పంపే దేశమూ, రప్పించుకునే దేశాలూ ఇంత ఐకమత్యంగా ఉన్న విషయం ఇంకొకటి నాకైతే కనబడదు.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అక్కడి చట్టాల గురించి విందామని వచ్చారు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు బొంబాయి బస్సు సంగతి తెలిసినంతగా అమెరికా సంగతి తెలియదు. రెండు వైపులవాళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. వలస మీద కఠినమైన చట్టం మనిషిని రాకుండా ఆపదు, వచ్చిన మనిషి నోరు మూయిస్తుంది. నోరెత్తలేని మనిషికి ఎంత కూలి ఇచ్చినా అడిగేవాడు ఉండడు. ఆ చట్టాలతో లాభపడేది ఎవరో అక్కడే తెలుస్తుంది.

ఇది గాలిలో మాట కాదు. అమెరికాలో అలబామా అనే రాష్ట్రం ఉంది. 2011 జూన్‌లో అక్కడ హెచ్‌బీ 56 అనే చట్టం చేశారు. కాగితాలు లేని వలసదారుల మీద ఆ దేశంలో రాష్ట్రాలు చేసిన చట్టాల్లో అంత కఠినమైనది అప్పటికి లేదు. వాళ్లకు ఇల్లు అద్దెకిస్తే నేరం. బండిలో ఎక్కించుకుంటే నేరం. బడిలో చేరే పిల్లల తల్లిదండ్రుల కాగితాలు కూడా బడివాళ్లే ఆరా తీయాలి. కోర్టు కొన్ని సెక్షన్లకు దారి ఇచ్చిన వారంలోనే ఒక్కరోజు రెండు వేలకు పైగా లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లలు బడికి రాలేదు. వాళ్లలో చాలామంది అమెరికాలో పుట్టిన పిల్లలే, చట్టప్రకారం అమెరికా పౌరులే. తల్లిదండ్రుల భయం పిల్లల బడిని ఆపింది.

వకీలుగా నన్ను నిలబెట్టి ఆలోచింపజేసింది వేరే సెక్షన్. కాగితాలు లేని మనిషితో చేసుకున్న ఒప్పందాన్ని రాష్ట్ర కోర్టులు అమలు చేయకూడదని అందులో రాశారు. దాని అర్థం ఏమిటో మన లెక్కలో చూడండి. ఒక మేస్త్రీ పది మందితో నెల రోజులు ఇల్లు కట్టించుకున్నాడు. చివర్లో పైసలు ఇవ్వను పొమ్మన్నాడు. కూలి కోర్టుకు వెళ్తే, ‘నీ దగ్గర కాగితం లేదు కాబట్టి నీతో ఎవరూ ఒప్పందం చేసుకోనట్టే’ అని కోర్టు చెప్పాలి. ఇల్లు మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది. ఇన్నేళ్లలో లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి నేను చూసిన మోసాలు మనుషులు చేసినవి. ఇక్కడ ఆ మోసానికి చట్టసభే లైసెన్సు ఇచ్చింది.

మరి ఏమైంది? కూలీలు రాత్రికి రాత్రి పక్క రాష్ట్రాలకు పోయారు. టమాటాలు చేలోనే కుళ్లాయి. స్థానికులకు పనులు దొరుకుతాయని నాయకులు చెప్పారు. రైతులు స్థానికులను పిలిచారు, చాలామంది రెండు రోజులు చేసి మానేశారు. ఆ నవంబరులో ఇంకో తమాషా జరిగింది. కారులో వెళ్తున్న ఒక విదేశీయుడిని పోలీసులు ఆపారు, సరైన కాగితాలు చూపలేదని పట్టుకుపోయారు. తీరా చూస్తే ఆయన మెర్సిడెస్ కంపెనీ జర్మన్ ఆఫీసరు. అలబామాలో ఆ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. కూలివాడిని పట్టుకున్నప్పుడు కదలని ప్రభుత్వానికి అప్పుడు చెమట పట్టింది. 2013లో ఒక కోర్టు రాజీతో ఒప్పందాల సెక్షన్, బడి సెక్షన్ లాంటివి శాశ్వతంగా ఆగిపోయాయి. పౌర హక్కుల సంఘాలు, చర్చిలు, అమెరికా కేంద్ర ప్రభుత్వం వేరువేరుగా వేసిన కేసులవి.

అలబామా చట్టానికి ఏడాది ముందు, 2010 ఏప్రిల్‌లో అరిజోనా రాష్ట్రం ఎస్‌బీ 1070 చేసింది. ఏదైనా పని మీద ఆపిన మనిషి మీద అనుమానం వస్తే పోలీసు అతని కాగితాలు అడగాలి. అనుమానం దేన్ని చూసి వస్తుంది? ముఖం చూసి, యాస విని. 2012లో అమెరికా సుప్రీంకోర్టు తన ముందుకొచ్చిన నాలుగు సెక్షన్లలో మూడింటిని కొట్టేసింది. ఈ కాగితాలు అడిగే సెక్షన్‌ను మాత్రం అప్పటికి ఉండనిచ్చింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను, ఇక్కడున్న యూనియన్ మిత్రుల కోసం. 2005 డిసెంబర్‌లో అమెరికా దిగువ సభ హెచ్‌ఆర్ 4437 అనే బిల్లు పాస్ చేసింది. కాగితాలు లేకుండా ఆ దేశంలో ఉండటమే పెద్ద నేరం, అలాంటివాళ్లకు సాయపడటమూ నేరం. లాస్ ఏంజిలిస్‌లో క్యాథలిక్ కార్డినల్ ఇలాంటిది చట్టమైతే మా ఫాదర్లు పాటించరని చెప్పేశాడు. 2006 మార్చి 25న ఆ ఒక్క ఊళ్లోనే ఐదు లక్షల మంది రోడ్డెక్కారని పోలీసులే లెక్క చెప్పారు. మే 1న దేశమంతటా వలస కార్మికులు పనిలోకి వెళ్లలేదు. మేడే పుట్టిందే షికాగోలో, అయినా అమెరికాలో ఆ రోజు సెలవు కూడా లేదు. మరచిపోయిన పండుగను ఆ దేశానికి మళ్లీ గుర్తుచేసింది హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు, తోటల్లో పండ్లు కోసేవాళ్లు. ఆ బిల్లు సెనేట్ దాటలేదు. ఇలాంటి చట్టాలను ఎవరూ ఆపలేరు అనేవాళ్లకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఇక 2025. జనవరి 29న లేకెన్ రైలీ చట్టం మీద సంతకమైంది. దొంగతనం, దుకాణంలో వస్తువు ఎత్తుకుపోవడం లాంటి ఆరోపణ మీద అరెస్టయినా చాలు, కాగితాలు లేని మనిషిని నిర్బంధంలో పెట్టి తీరాలి. నేరం రుజువు కానక్కర్లేదు. ఒక అమ్మాయి దారుణంగా హత్యకు గురైంది, ఆ చట్టానికి ఆమె పేరే పెట్టారు. ఆ కుటుంబం బాధ ఎవరూ కాదనరు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది, అది పాత చట్టం కిందే పడింది. హత్యకు శిక్ష వేయడానికి కొత్త చట్టం అవసరం పడలేదు. కొత్త చట్టం అవసరం పడింది సబ్బు బిళ్ల దొంగిలించాడని ఎవరో వేలెత్తి చూపిన మనిషిని లోపల వేయడానికి. అదే ఏడాది జూలైలో నిర్బంధ కేంద్రాలకే 45 బిలియన్ డాలర్లు కేటాయించారు. అంత డబ్బుతో కట్టిన గదులను ఖాళీగా ఉంచుతారా? నింపడానికి మనుషులను వెతుకుతారు.

ఆ నిర్బంధంలో పడ్డవాడికి ప్రభుత్వం వకీలును ఇవ్వదు. ఇక్కడ మన జిల్లా కోర్టులో జేబుదొంగకు కూడా ఫీజు పెట్టుకునే స్థోమత లేకపోతే లీగల్ ఎయిడ్ కింద వకీలు వస్తాడు. అమెరికాలో కూడా క్రిమినల్ కేసైతే ఇస్తారు. ఇమ్మిగ్రేషన్ కేసు సివిల్ వ్యవహారం కాబట్టి ఇవ్వరు. చిన్న పిల్లలకు కూడా ఆ హక్కు లేదు. ఆ కేసులు వినే జడ్జీలు కూడా న్యాయవ్యవస్థకు చెందినవాళ్లు కారు, ప్రభుత్వ న్యాయశాఖ ఉద్యోగులు. సివిల్ వ్యవహారమైతే మరి ఆ సంకెళ్లు ఎందుకు? 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన మిలిటరీ విమానంలో 104 మంది మనవాళ్లు ఉన్నారు. దారి పొడవునా చేతులకూ కాళ్లకూ సంకెళ్లు. మన పార్లమెంటులో గొడవైతే, సంకెళ్లు వేయడం వాళ్ల పద్ధతే అన్న జవాబు వచ్చింది. పద్ధతి అయితే తప్పు కాకుండా పోతుందా?

ఇక్కడ ఒక పెద్దాయన మీటింగుకు ముందు నన్నడిగారు. ‘సార్, వాళ్లు దొంగదారిన పోయినోళ్లు. మా పిల్లగాడు వీసా మీద పోయిండు. వాళ్ల లొల్లి మనకెందుకు?’ అని. న్యాయమైన ప్రశ్న. రెండు జవాబులున్నాయి.

మొదటిది, ఆ గీత మీరనుకున్నంత గట్టిది కాదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం పెట్టే కంప్యూటర్ రికార్డులు, ఒక్కసారిగా రద్దయ్యాయి. వాళ్ల పేర్లను పోలీసు రికార్డులతో కంప్యూటర్‌లో పోల్చి చూశారు. ఎక్కడ పేరు తగిలితే అక్కడ కొట్టేశారు. కొందరిది ట్రాఫిక్ చలానా, కొందరిది ఎప్పుడో కొట్టేసిన కేసు. పిల్లలు కోర్టులకు వెళ్లారు, జడ్జీలు వరుసగా ప్రభుత్వాన్ని తప్పుబట్టారు, నెల తిరక్కముందే రికార్డులు వెనక్కి ఇచ్చారు. ఆ నెల రోజులు మన ఇళ్లల్లో ఎంత టెన్షనో ఈ హాల్లో కొందరికి తెలుసు. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు, 2011లో, మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. ఉండేది అనకూడదు. దాన్ని పెట్టింది అక్కడి ప్రభుత్వ ఏజెంట్లే. పాఠాలు లేవు, లెక్చరర్లు లేరు, ఫీజు మాత్రం ఉంది. 2019 జనవరిలో మొదటి విడతలోనే 130 మంది దాకా పిల్లలను పట్టుకున్నారు. వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. అందరూ అమాయకులని నేను అనను. క్లాసు లేని కాలేజీ ఎందుకో తెలిసే చేరినవాళ్లూ ఉంటారు. కానీ వల వేసింది ప్రభుత్వం, ఫీజు తీసుకుంది ప్రభుత్వం, జైలులో పెట్టిందీ ప్రభుత్వమే. 2024లో ఒక అప్పీలు కోర్టు, ఫీజు కట్టించుకుని చదువు చెప్పకపోతే ప్రభుత్వం మీదైనా విద్యార్థి దావా వేయవచ్చని చెప్పింది. అలబామా చట్టం కోర్టు తలుపు మూస్తే ఈ కోర్టు తలుపు తీసింది.

రెండో జవాబు. ‘లైన్‌లో రావచ్చు కదా’ అంటారు. ఏ లైన్? పెద్ద చదువు లేని కూలికి శాశ్వతంగా వెళ్లే ఉద్యోగ వీసాలు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 10 వేలు దాటవు. లక్షల మంది పని చేస్తున్న చోట వేలల్లో వీసాలు పెట్టి, మిగతావాళ్లను దొంగలంటున్నారు. చదువుకున్నవాడి లైన్ ఎలా ఉందో మీకు నేను చెప్పాలా? హెచ్1బీలు ఏడాదికి 85 వేలు, అదీ లాటరీ. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే. 140 కోట్ల దేశానికీ అంతే, హైదరాబాద్ అంత కూడా లేని దేశానికీ అంతే. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. అలాంటప్పుడు మేనేజర్ ఆదివారం రమ్మంటే రానని చెప్పగలడా మీ పిల్లగాడు? వీసా కంపెనీ చేతిలో ఉన్నంతకాలం అతని నోరూ వాళ్ల చేతిలోనే.

ఇది పాలమూరుకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ వచ్చి ఇంటికి అడ్వాన్సు ఇచ్చేవాడు. అది తీరేదాకా మనిషి మేస్త్రీది. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టలకు మట్టి మోసింది ఆ గుంపులే. తిండి సరిగ్గా లేకున్నా, జబ్బు చేసినా, మధ్యలో లేచి వస్తే అప్పు ఎగ్గొట్టిన దొంగ. గల్ఫ్‌లో ఇదే పద్ధతిని కఫాలా అంటారు. పాస్‌పోర్టు సేఠ్ దగ్గర, జీతం నెలల తరబడి బాకీ. తట్టుకోలేక బయటపడ్డవాడు ఆ క్షణం నుంచి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి. బాకీ పడ్డ సేఠ్ దర్జాగా ఉంటాడు, బాకీ అడగాల్సినవాడు పోలీసును చూసి దాక్కుంటాడు. శిక్ష లేకుండా ఇంటికి పంపే ఆమ్నెస్టీ ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తాడు. మనిషిని ‘అక్రమం’ చేసింది అతని నడకా, ఆ చట్టమా?

ఇప్పుడు మీకు నచ్చని సంగతికి వస్తాను. చప్పట్లు ఆగిపోతే పరవాలేదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తా మోసేది ఎవరు? బిహార్ హమాలీ. ఇటుక బట్టీల్లో ఇటుక కోసేది ఎవరు? ఒడిశా నుంచి భార్యాపిల్లలతో అడ్వాన్సు తీసుకుని వచ్చిన మనిషి. అచ్చం మన తాతలు తీసుకున్న అడ్వాన్సే. వాళ్ల పిల్లల్లో ఎంతమంది బడికి వెళ్తున్నారో మీ ఊరి పక్క బట్టీకి వెళ్లి చూడండి. వాళ్లకు ఇక్కడ వీసా అక్కర్లేదు. ఈ దేశంలో ఎక్కడైనా తిరిగే, బతికే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. అయినా ఏదైనా దొంగతనం జరిగితే మొదట ఎవరి గదికి వెళ్తాం? 2020 లాక్‌డౌన్‌లో ఈ రాష్ట్రం వలస కార్మికులకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. మంచి పనే. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు కదిలింది, 1,200 మంది దాకా ఎక్కారు. అప్పుడు మనందరికీ జాలి వచ్చింది. ఆ జాలి హక్కుగా మారలేదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు వాళ్ల పేర్లు నమోదు చేయాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి అని అందులో ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. మిల్లుకు వెళ్లి రిజిస్టరు చూపించమని అడగండి, ఏం చెబుతారో వినండి.

2025 ఆగస్టులో ‘మార్వాడీ గో బ్యాక్’ నినాదం మన ఆమనగల్లు దాకా వచ్చింది. వ్యాపారంలో పోటీ ఉంటే దాని గురించి మాట్లాడదాం. జీఎస్టీ ఎగ్గొడితే కేసు పెట్టమందాం. ఒక కులాన్నీ ఒక ఊరినీ పేరుపెట్టి పొమ్మనడం వేరు. న్యూజెర్సీలో మన దుకాణం ముందు ఎవరైనా ఆ బోర్డే పట్టుకుంటే మనకు ఎలా ఉంటుంది?

‘అయితే ముల్కీ పోరాటం కూడా తప్పేనా?’ అని కుర్రాళ్లు అడుగుతారు. కాదు. 1952లోనూ 1969లోనూ మనం అడిగింది ముల్కీ నిబంధనల కింద, అంటే సర్కారీ కొలువులు స్థానికులకే అన్న రూలు కింద, రావాల్సిన వాటా. 1969 నాటికైతే అది 1956 పెద్దమనుషుల ఒప్పందంలో రాసి ఇచ్చిన మాట. అడిగింది ప్రభుత్వాన్ని, అధికారంలో ఉన్నవాళ్లను. బస్తాలు మోసేవాడిని జైల్లో పెట్టమని అడగలేదు. ఆ ఊపులో అనకూడని మాటలు కూడా కొన్ని అన్నాం. ఆ మాటలను వదిలేసి అడిగిన హక్కును నిలుపుకుంటే చాలు.

దేశం బయటివాళ్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2025లో మన పార్లమెంటు కొత్త వలస, విదేశీయుల చట్టం చేసింది. సరైన పత్రాలు లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. విదేశీయుడు కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే, నిరూపించే భారం ప్రభుత్వానిది కాదు. అదే ఏడాది ఢిల్లీ, గురుగ్రామ్ వైపు బెంగాలీ మాట్లాడే కూలీలను పట్టుకుని కాగితాలు అడిగారు. బెంగాల్‌కు చెందిన ఒక గర్భిణీ కూలీని ఏకంగా బంగ్లాదేశ్ పంపేశారు, కోర్టుల దాకా పోతే గానీ డిసెంబరులో ఆమె వెనక్కి రాలేదు. యాస విని అనుమానించే చట్టం అరిజోనాలోనే ఉందనుకుంటే పొరపాటు. మన రాజ్యాంగంలో 21వ అధికరణం ఏ వ్యక్తికీ అంటుంది, ఏ పౌరుడికీ అనదు. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: పౌరుడైనా కాకున్నా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడటం రాజ్యం బాధ్యత.

తలుపు దగ్గర బల్ల మీద ఒక వినతిపత్రం ఉంది. ఒక కాపీ కలెక్టర్ గారికి, ఇంకోటి మన ఎంపీలకు. మిల్లుల్లో, బట్టీల్లో వలస కార్మికుల పేర్లు నమోదు చేసి ఆ జాబితా గ్రామ పంచాయతీలో పెట్టాలని మొదటి డిమాండు. ఒడిశా పిల్లలకు బట్టీ దగ్గరే బడి కావాలని రెండోది. అమెరికాలో, గల్ఫ్‌లో నిర్బంధంలో పడ్డ మన మనిషికి దౌత్య కార్యాలయం సొంత ఖర్చుతో వకీలును పెట్టాలనీ, సంకెళ్లతో పంపే విమానానికి మన ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పాలనీ ఎంపీలను అడుగుతున్నాం. మొదటి రెండూ తీసేసి చివరివి మాత్రమే ఉంచితే సంతకం పెడతామని పొద్దున ఇద్దరు ముగ్గురు అన్నారు. అలా తీసేది లేదు. నాలుగూ ఒకే కాగితం మీద వెళ్తాయి. ఎందుకు తీయకూడదో ఇంకా సందేహం ఉన్నవాళ్లు ఉండండి, హాలు ఐదింటి దాకా మనదే. ప్రశ్నలు అడగండి.